కప్ప మీద పోసిన కడివెడు నీళ్లు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, మా ఊరి కారొకటి వచ్చి టౌన్లో మా ఇంటి గేటు ముందు ఆగింది. దిగిన మనిషి మా ఊరి చర్చికి ఇప్పటి సంఘ పెద్ద. ఆయన తండ్రి సంఘ పెద్దే, తాతా సంఘ పెద్దే. పొలం లాగే ఆ పదవి కూడా వాళ్లింట్లో వారసులకు వస్తుంది. ముగ్గురికీ ఒకటే తెల్ల చొక్కా, ఒకటే దగ్గు. మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటారు, ఎదుటివాడు ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు.

"అత్తా, చర్చి కాంపౌండులో ఫిల్టరు నీళ్ల ప్లాంటు పెట్టినాం. మా తాత జ్ఞాపకార్థం. నువ్వే వచ్చి రిబ్బను కట్ చేయాల," అన్నాడు.

నేను హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైన దాన్ని. మా గేరి లెక్కలో ఆఫీసరునే. గేరి అంటే ఊరికి ఎడంగా మావాళ్లను ఉంచిన పేట. ఆయన ఫోను తీసి ప్లాంటు బోర్డు ఫొటో చూపించాడు. బోర్డు మీద వాళ్ల తాత బొమ్మ, తల వెనక వెలుగు కిరణాలు. దాని కింద, దప్పికతో ఉన్న చిన్నవాళ్లకు గిన్నెడు నీళ్లిచ్చిన వాణ్ణి గురించి ప్రభువు చెప్పిన వాక్యం, పసుపు అక్షరాల్లో.

నాకు నవ్వొచ్చింది. మర్యాదగా నోట్లోంచి రాలేదు, ముక్కులోంచి వచ్చింది.

"ఏమత్తా, నవ్వుతాండావు?"

"ఏం లేదప్పా. కాఫీ తాగు."

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. అది చివర్లో చెబుతాను. ముందు ఆ బొమ్మలో మనిషి ఎలాంటివాడో, ఆ వాక్యం ఆయన కింద రాయడం ఎంత సిగ్గులేని పనో చెప్పాలి. అది చెప్పాలంటే మా అవ్వ గురించి చెప్పాలి.

మా అవ్వ మా నాయనకు తల్లి. పొట్టి మనిషి. చదువు రాదు. వాక్యమంతా చెవులతో విని నేర్చుకున్నదే. తెల్లవారి పొయ్యి ముట్టించే ముందు కళ్లు మూసుకుని, "సామీ, లేచినా. నువ్వు చూసుకో," అనేది. అంతే ప్రార్థన. ఆ వెంటనే ఎసట్లో రాగిపిండి పోసి సంగటి కెలకడం మొదలుపెట్టేది. రాత్రి పడుకునేటప్పుడు "సామీ, పండుకుంటాండా. నువ్వు చూసుకో," అనేది. ఆమె సంగటి ముద్దలో గుంట చేసి, చెనక్కాయలు, అంటే వేరుశనగలు, నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టి ఇస్తే, ఆ ఎర్రమిరపకాయల ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కరువు రోజుల్లో చెనక్కాయలు లేక చింతపండు పులుసే మిగిలింది. ఆ పులుసు వాసన ఇప్పుడు తగిలినా నాకు ఆకలేస్తుంది.

ఆ బొమ్మలో మనిషే అప్పటి మా సంఘ పెద్ద. ఆయన ప్రార్థన అలాంటిది కాదు. ఆదివారం ఆయన లేచి కళ్లు మూశాడంటే మేము పిల్లలం ఒకళ్లనొకళ్లు గిల్లుకుని, చాప పుల్లలు పీకి, నిద్రపోయి, లేచినా ఇంకా సాగుతూనే ఉండేది. మబ్బు ఏ దిక్కు నుంచి రావాలో, ఎవరి చేను మీద ముందు కురవాలో దేవుడికి ఆయనే పురమాయించేవాడు. ఎవరి పాపం వల్ల వాన ఆగిందో కూడా చెప్పేవాడు. పేరు చెప్పడు. వాళ్లు కూర్చున్న వైపు తిరిగి దగ్గుతాడు. చర్చిలో సున్నం వాసన, గబ్బిలాల వాసన, ఆదివారానికని తలకు దట్టించిన కొబ్బరినూనె వాసన కలిసి ఉండేవి. ఆ ప్రార్థన సాగేకొద్దీ ఆ మూడూ చిక్కబడేవి.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు వాన రాలేదు. మా సీమలో అది వార్తేమీ కాదు. కానీ ఆ ఏడు విత్తిన చెనక్కాయలు మొలకెత్తి, రెండాకులు వేసి, అక్కడే నిలబడిపోయాయి. ఊరి బావి అడుగున బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. ఆడవాళ్లు వంకలో, అంటే ఎండిన వాగులో, ఇసుక తవ్వి చెలమ తీసేవాళ్లు. అవ్వ చీకటితోనే వెళ్లి ఇసుకలో చతికిలబడి, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో కొంచెం కొంచెంగా తోడి కడవలో పోసేది. ఆ ఒక్క కడవ నిండేసరికి ఎండ చురుక్కుమనేది.

సంఘ పెద్ద వాన కోసం ఉపవాసం చాటించాడు. అదే సమయంలో ఊళ్లో పిల్లలు కప్పతల్లి కట్టాలనుకున్నారు. వాన రాని ఏడు రోకలి మధ్యలో తడిగుడ్డతో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు చెరొక వైపు భుజానికెత్తుకుని పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ఇంటామె కప్ప మీద చెంబెడు నీళ్లు పోసి, చేటలో పిడికెడు గింజలు వేస్తుంది. చివర్లో ఆ గింజలు వండుకుని పిల్లలంతా తింటారు. నాకు తెలిసి వాన కంటే ఆ వంట కోసమే అందరూ తిరిగేవాళ్లు.

చిక్కేమిటంటే కప్ప దొరకలేదు. కప్ప ఉండాలంటే ఎక్కడో ఒకచోట తడి ఉండాలి. ఊరంతా గాలించారు. ఊళ్లో గొర్రెలు మేపుకునే ఆయన్ను గొర్రెలాయన అనేవాళ్లం. బడి దగ్గర ఆయన కొడుకు నాతో ఆ మాట చెప్పుకుని దిగాలు పడ్డాడు. నాకు మాత్రం తెలుసు. మా చర్చి వెనక బాప్తిస్మపు తొట్టి ఉంది. ఏడాదికోసారి నింపుతారు. దాని అడుగున పగులులో కాస్త పాచి తడి, ఆ తడిలో ఒక బొద్దు కప్ప. ఊరి మొత్తానికి మిగిలిన ఒకే ఒక కప్ప మా సంఘంలోనే ఉంది. దాన్ని లంగా కుచ్చిళ్లలో చుట్టి పట్టుకుపోయి వాళ్లకిచ్చాను. కప్ప నాది కాబట్టి రోకలి ముందు కొస నేనే పట్టుకుంటానని పట్టుబట్టాను. వెనక కొస గొర్రెలాయన కొడుకు పట్టుకున్నాడు. ఆ పని తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ఊళ్లో వీధులు తిరిగాం. నీళ్లు లేని ఏడు నీళ్లు పోయమంటే ఎవరు పోస్తారు? చాలామంది వేళ్లు తడిపి చిలకరించి లోపలికి పోయారు. నడినెత్తిన ఎండ. నేనే ముందు నడుస్తున్నాను కాబట్టి మా గేరికి మళ్లించాను. మొదటి ఇల్లు సంఘ పెద్దది. ఆయన అరుగు మీద కూర్చుని ఉపవాసం చేస్తున్నాడు. పక్కనే మూత పెట్టిన నీళ్ల కుండ ఉంది. పిల్లలందరి కళ్లూ దాని మీదే.

"క్రైస్తవుల బిడ్డవు. నీకేం పోయేకాలం వచ్చిందిమ్మే? పోండి ఈడ నుంచి," అని లేచి, కుండ లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు.

మా ఇంటి ముందుకు వచ్చేసరికి వెనక కొస బరువుగా కిందికి లాగింది. తిరిగి చూస్తే గొర్రెలాయన కొడుకు నేల మీద ఉన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. అవ్వ చప్పుడు విని బయటికి వచ్చింది. ఆమె కప్పను చూడలేదు. మా మొహాలు చూసింది.

"ఎవురి బిడ్డలే వీళ్లు? ఎండకు మాడిపోతాండారు," అంటూ వాణ్ణి ఎత్తి చూరు నీడలో పడుకోబెట్టింది. లోపలికి పోయి, ఆ పొద్దున తెచ్చిన కడవ అలాగే ఎత్తుకొచ్చింది. వాడి తల మీద పోసింది. నోట్లో పోసింది. మమ్మల్నందర్నీ దోసిళ్లు పట్టమని తలా ఇన్ని నీళ్లు పోసింది. కడవ అడుగున కొంచెం మిగిలింది. అప్పుడు ఆమెకు రోకలికి వేలాడుతున్న కప్ప కనిపించింది. కాళ్లు బారజాపి అది కూడా సగం చచ్చి ఉంది.

"దీనిదీ పాణమే గదా," అని ఆ మిగిలింది దాని మీద పోసింది. "ఆట సాలుగానీ, దీన్ని యాడ నుంచి తెచ్చినారో ఆడే ఇడ్సండి."

అదీ ఆమె చేసిన విగ్రహారాధన.

ఊళ్లో పిల్లలు మా గేరిలో నీళ్లు తాగడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. కొందరికి ఇంటికెళ్లాక వీపు చిట్లింది. గొర్రెలాయన మాత్రం సాయంత్రం మేకపాలు చెంబు పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చాడు. "నా కొడుకు నీ చేతి నీళ్లతో లేసినాడవ్వా. ఎవురేమన్నా అనుకోనీ," అన్నాడు. ఆ పాలతో అవ్వ నాకు రాగి అంబలి కాచి ఇచ్చింది. అంత రుచైన అంబలి మళ్లీ తాగలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేచి దగ్గాడు. బాప్తిస్మపు తొట్టిలోని కప్పను దయ్యాల పూజకు తీసుకుపోయారని, దానికి ఒక సభ్యురాలు నీళ్లు పోసి మొక్కిందని చెప్పాడు. నేను చిన్నదాన్ని కాబట్టి నన్నేమీ అనడానికి లేదు. అవ్వను ప్రభువు బల్ల నుంచి తీసేస్తున్నామన్నాడు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడాన్ని మావాళ్లు బల్ల అంటారు. అవ్వ సంఘం ముందు నిలబడి, కప్పకు నీళ్లు పోసి పాపం చేశాను క్షమించండి అని చెప్పేదాకా ఆమెకు బల్ల లేదు. అలా చెప్పకుండా చనిపోతే గంట మోగదు, సమాధుల తోటలో చోటుండదు.

బల్ల మాటకు అవ్వ తల వంచుకుంది. తోట మాటకు తలెత్తి చూసింది. ఆ తోటలో మా తాత ఉన్నాడు. నాయన కంటే ముందు పుట్టి చనిపోయిన ఇద్దరు పసిబిడ్డలు కూడా అక్కడే ఉన్నారు. తాత పక్కన గన్నేరు చెట్టు కింద కాస్త ఖాళీ ఉండేది. అవ్వ ప్రతి ఈస్టరుకూ తాత సమాధికి సున్నం కొడుతూ ఆ ఖాళీ జాగాలో కలుపు కూడా పీకేది. "ఇది నా తావు. గడ్డి మొలిస్తే ఈపుకు గుచ్చుకుంటాది," అని నవ్వేది.

అప్పటినుంచి ఆమె చర్చిలో వెనక, గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మానేస్తుందనుకున్నారు. మానలేదు. బల్ల ఉన్న ఆదివారం మరీ తొందరగా లేచి, తలస్నానం చేసి, ఉన్న ఒక్క తెల్లచీర కట్టుకుని వచ్చేది. బల్లకు టౌను నుంచి బన్ను తెప్పించేవాళ్లు. ద్రాక్షరసం సంఘ పెద్ద భార్య ఎండుద్రాక్ష నానబెట్టి కాచేది. ఆ తీపి వాసన చర్చంతా నిండేది. పళ్లెం అవ్వ దగ్గరికి వచ్చేసరికి పట్టుకున్నవాడు అటు తిప్పుకుని పోయేవాడు. అవ్వ తన చేతులు రెండూ చీర చెంగులో చుట్టి పట్టుకునేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. పదేళ్లైనా నిండని పిల్లకు పెద్దమనుషుల మీద అంత అసహ్యం పుట్టడం మంచిది కాదు. కానీ పుట్టింది, ఇంకా పోలేదు.

ఒకసారి ఆరాధన అయ్యాక పళ్లెంలో మిగిలిన బన్ను ముక్క ఒకటి కొట్టేసి, పరుగెత్తుకుంటూ ఇంటికి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఎక్కడిదని అడిగింది. చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు దాన్నే చూసింది.

"తిను అవ్వా. ఎవురూ చూడలేదు."

"సామి ఇస్తే తినాల పాపా. ఎత్తుకొచ్చి తింటే ఇది ఉత్త బన్నే," అంది. నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయి ఆ ముక్కను పళ్లెంలో పెట్టించింది. దారిలో ఆమె ఏడుస్తోందని నాకు తెలిసింది. ముక్కు చీదుతూ దుమ్ము మీద నెపం పెట్టింది.

నెలకోసారి సైకిలు మీద వచ్చే పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరినీ నొప్పించడు. ముఖ్యంగా తనకు కోడికూర పెట్టే ఇంటివాళ్లను అసలే నొప్పించడు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "ఒక్క మాటమ్మా. సంఘం ఒకటిగా ఉండాల గదా. నోటితో అనేస్తే అయిపోతాది," అన్నాడు.

"నేను దేనికీ మొక్కలేదయ్యా. బిడ్డలకు నీళ్లు పోస్తి."

"నాకు తెలుసమ్మా. నాకు తెలుసు."

"నీకు తెలిస్తే నువ్వే సెప్పు ఆయప్పకు."

అయ్యగారు ఖాళీ గ్లాసు ఎత్తి ఇంకోసారి తాగాడు. కాసేపు వానల గురించి మాట్లాడి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇక బోరు సంగతి. ఉపవాసాలకు మబ్బు కదలలేదు. సంఘ పెద్ద తన చేన్లో బోరు వేయించాలనుకున్నాడు. సోమందేపల్లె వైపు నుంచి కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషి వచ్చాడు. అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్లున్న చోట పడుకున్న కాయ లేచి నిలబడుతుందంటారు. సంఘ పెద్ద చెప్పులు విడిచి, అతని వెనక చేతులు కట్టుకుని నడిచాడు. ఒక మూల కాయ లేచిందట. అక్కడ రాయి పాతారు.

బోరు లారీ వస్తే ఊరికి తిరునాళ్లే. పిల్లలమంతా గట్టు మీద వరసగా కూర్చున్నాం. పైపు దించే ముందు రాయికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. టెంకాయ కొట్టారు. కోడిని కోసి ఆ రక్తం పైపు చుట్టూ చిలకరించారు. లారీ మనిషి అందరికీ వరసగా కుంకుమ బొట్టు పెట్టుకుంటూ వచ్చి సంఘ పెద్ద నుదుటా పెట్టాడు. ఆయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా గట్టు మీద నేను. గబగబా తువ్వాలుతో తుడుచుకున్నాడు. అది తుడిచేకొద్దీ నుదురంతా పాకింది.

"లారీ వాళ్ల ఆచారం. మనమేం చేస్తాం," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

ఆ కోడిని అక్కడే రాళ్ల పొయ్యి మీద వండారు. ఆ మసాలా వాసనకు మా నోళ్లల్లో నీళ్లూరాయి. ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆ మనిషి టెంకాయ కొట్టించినందుకు నాకు కోపం లేదు. నీళ్ల కోసం మా సీమలో మనిషి దేని కాళ్లైనా పట్టుకుంటాడు. ఆ భయం నాకు తెలుసు, దాన్ని నేను వెక్కిరించను. ఆ భయమే తనకు వస్తే ఆచారం, ఎండకు పడిపోయిన బిడ్డకు మా అవ్వ నీళ్లు పోస్తే దయ్యాల పూజ. అక్కడే నాకు ఆ మనిషి మీద ఉమ్మేయాలనిపించింది.

నీళ్లు పడ్డాయి. ముందు తెల్లటి దుమ్ము, తర్వాత బురద, తర్వాత నీళ్లు పైకి చిమ్మి మా మీద పడ్డాయి. అబద్ధమెందుకు, నేనూ ఎగిరాను, నోరు తెరిచి తాగాను. తడిసిన ఎర్రమట్టి వాసన ఎన్నాళ్లకో తగిలింది. పెద్దవాళ్లు కూడా తువ్వాళ్లు తడుపుకుని మొహాలకు అద్దుకున్నారు.

తర్వాతి ఆదివారం సంఘ పెద్ద కొత్త చొక్కా వేసుకుని సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"ఉపవాసముండి ప్రభువు పాదాలు పట్టుకుంటి. ఇడిసిపెట్టలేదు. ఆయనే నాకు తావు చూపించినాడు. ఈడ తవ్వు కుమారుడా అని యేలు పెట్టి చూపించినాడు," అన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. అందరూ హల్లెలూయా అన్నారు. కోడికూర తిన్నవాళ్లు ఇంకా గట్టిగా అన్నారు.

గుమ్మం పక్కనుంచి అవ్వ మామూలు గొంతుతో అడిగింది. "ఏమప్పా, ప్రభువు కొబ్బరికాయ పట్టుకోని చూపించినాడా?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. మా నాయన మొహం పాలిపోయింది. ఆయన ఆ మనిషి చేన్లోనే కూలికి పోయేవాడు. మర్నాటి నుంచి ఆ కూలి లేదు. బోరు నీళ్లు సంఘస్థులందరూ పట్టుకోవచ్చు, క్రమశిక్షణ కింద బల్ల తీసేసిన ఇంటివాళ్లు మాత్రం రావద్దని కబురొచ్చింది. గేరి అంతా బోరు దగ్గరికి పోతుంటే, అవ్వ కొబ్బరిచిప్ప పట్టుకుని మళ్లీ వంకకే పోయింది. నాయన గాబరా పడి అరిచాడు. "ఊరుకుంటే పోయేది గదామ్మా. నీ నోటికి బీగం లేదా?"

"అడగాల్సిందే అడిగినా లేరా. సామి పేరు పెట్టి చెప్తాంటే ఎట్ల ఊరుకునేది?"

చలికాలానికి అవ్వకు జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. కషాయాలు, సూది మందులు అయ్యాయి. గొంతులోకి అంబలి కూడా దిగడం లేదు. నాయనకు భయం పుట్టి తనే పోయి అయ్యగారినీ సంఘ పెద్దనూ పిలుచుకొచ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడి దగ్గాడు.

"అత్తా, ఇప్పటికైనా ఒక్క మాటను. బల్ల ఇప్పుడే ఇప్పిస్తా. మామ పక్కనే నీ తావు ఉండాది."

అవ్వ చాలాసేపటికి కళ్లు తెరిచింది. అయ్యగారి చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం ఉంది. ఆమె చూపు దాని మీదే నిలిచింది. నాయన ఆమె పాదాలు పట్టుకుని, "అనేయమ్మా. ఒక్క మాటే గదా," అన్నాడు. నేను అవ్వ తల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆ క్షణంలో ఆమె అనేస్తే బాగుండునని నాకూ అనిపించింది. ఆమెకు ఆ పళ్లెం ఎంత కావాలో నాకే తెలుసు.

"శానా పాపాలు చేసినా అప్పా," అంది అవ్వ. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "మా అత్త మీద ఉత్తపున్యానికి చాడీలు చెప్తి. కరువులో పక్కింటామె గింజలడిగితే ఉండి కూడా లేవంటి. అవన్నీ అందరి ముందర చెప్పమంటే చెప్తా. ఇది మాత్రం చెప్పను. పాపం కాందాన్ని పాపమని సామి ముందర అంటే అది అబద్ధమైతాది. పోయే ముందర అబద్ధమేంటికి?"

సంఘ పెద్ద అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు నేల వైపు చూశాడు. పళ్లెం మీది గుడ్డ తీయకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు.

"మరి నిన్ను యాడ పెట్టాలమ్మా?" అని నాయన గోడకు తల ఆనించి ఏడ్చాడు.

"యాడ పెట్టినా ఆయనకు దావ తెలుసులేరా," అంది అవ్వ.

మర్నాడు పొద్దున పొయ్యి ముట్టించే వేళకు పోయింది. గంట మోగలేదు. నాయన సమాధుల తోట గేటు దగ్గరికి పోయి చూసొచ్చాడు. తాళం వేసి ఉంది. గేరిలో మనుషులు తలుపుల వెనక నిలబడ్డారు. రావాలనే ఉంది వాళ్లకు. బోరు కూడా కావాలి. మా నాయన వాకిట్లో కూర్చుండిపోయాడు.

గొర్రెలాయన వచ్చాడు. వెంట కొడుకు కూడా ఉన్నాడు. "నా చేన్లో వంక దిక్కు మూల ఉండాది. ఆడ పెడదాం లెయ్," అన్నాడు.

వానచుక్క లేని నేల. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరింది. నలుగురు మగవాళ్లు చెమటలు కక్కినా గుంట మోకాలి లోతు కూడా దిగలేదు. ఆ పక్కది సంఘ పెద్ద చేనే. బోరు మోటరు ఆడుతోంది. నీళ్లు కాలవలో పారుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. ఎవరూ అటు పోలేదు. గొర్రెలాయన తన కొడుకును ఊళ్లోకి పరుగెత్తించాడు. కాసేపటికి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆ రోజు మాతో కప్ప మోసిన పిల్లల తల్లులు. మా గేరిలో నీళ్లు తాగారని బిడ్డల్ని కొట్టిన తల్లులు కూడా ఉన్నారు. తలా ఒక కడవ. పొద్దున చెలమల్లో తోడి తెచ్చుకున్న తాగే నీళ్లు. ఒక్కొక్కరే వచ్చి ఆ గుంటలో వంచారు. నేల నానింది. మగవాళ్లు తవ్వారు. మళ్లీ గట్టిపడితే మళ్లీ పోశారు.

అవ్వను దించాక ప్రార్థన చేసేవాళ్లు లేరు. అయ్యగారు రాలేదు. మా నాయనకు నలుగురిలో ప్రార్థన చేయడం రాదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"సామీ, పండుకునింది. నువ్వు చూసుకో," అన్నాడు.

ఆ తర్వాత నాయన మమ్మల్ని తీసుకుని టౌనుకు వచ్చేశాడు. బస్టాండు దగ్గర మూటలు మోశాడు, నన్ను చదివించాడు. నేను చర్చి మానలేదు. మానితే ఆ దగ్గు మనిషి గెలిచినట్టు. పైగా అవ్వ ఊరుకునేది కాదు. ఇప్పటికీ నేను గుమ్మం పక్కనే కూర్చుంటాను. బల్ల నా దాకా వస్తుంది. తీసుకుంటాను. రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా చీర చెంగులో చుట్టుకున్న ఆ రెండు చేతులు గుర్తొస్తాయి.

మొన్న ఆ మనవడు కాఫీ తాగుతూ అన్న రెండో మాట ఇది.

"ఇంగొకటత్తా. అవ్వ సమాధి ఆ గొర్రెలోళ్ల చేన్లో దిక్కులేకుండా ఉండాది. కమిటీలో మాట్లాడినా. మన తోటలోకి మార్పిస్తాం. మీ తాత పక్క తావు ఇంకా ఖాళీగానే ఉండాది. మంచి బండ వేయిస్తాం. కాకపోతే ఆమె క్రమశిక్షణలో పోయింది గదా. ప్లాంటు ఓపెనింగ్ రోజు మైకులో, ఆమె తరపున నువ్వు ఒక్క మాట చెప్తే సాలు."

"ఏమని?"

"తెలీక చేసింది, క్షమించండి అని. ఊరికే, ఒక ఇది."

ఇన్నేళ్లైనా అదే ఒక్క మాట. నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. "ఆ ప్లాంటు నీళ్లు ఎవురికప్పా?"

"సంఘ సభ్యులకు కార్డులిస్తాండాం. కార్డు పెడితే నీళ్లొస్తాయి."

"గొర్రెలోళ్లకు?"

ఆయన దగ్గాడు. "వాళ్లు బయటోళ్లు గదత్తా. వాళ్లకు తర్వాత చూద్దాం."

"అయితే ఆ బోర్డు మీద వాక్యమన్నా తుడిపేయి, మీ తాత బొమ్మన్నా తీసేయి. రెండూ ఒక్క చోట ఉండవు. రిబ్బను నువ్వే కట్ చేసుకో," అన్నాను. "మా అవ్వ ఆడ బాగానే ఉండాది. కదిలించొద్దండి."

ఆయన మొహం మాడ్చుకుని లేచాడు. నేను గేటు దాకా కూడా పోలేదు. కారు పోయాక గొర్రెలాయన కొడుక్కు ఫోను చేశాను. వాడూ ముసలివాడయ్యాడు. గొర్రెలు అమ్మేసి ఆ చేను మాత్రం ఉంచుకున్నాడు. ప్రతి ఎండాకాలం అవ్వ సమాధి పక్కన కుండలో నీళ్లు పెడతాడు, పిట్టల కోసమని. జరిగిందంతా చెప్పి, నేను పోయాక అవ్వ పక్కన నాకు కూడా కాస్త తావు ఇస్తావా అని అడిగాను.

వాడు అన్నాడు: "తావుకేమక్కా, ఉండాది. ఎండాకాలం మాత్రం సావాకు. తవ్వేకి మళ్లా కడవలు మోయాల్సొస్తాది."

చూస్తాలే అప్పా, అన్నాను.